పాత స్లాట్ మెషీన్‌ను మళ్లీ నడిపించడం ఎలా

అమెరికాలో ఎస్టేట్ సేల్స్‌కి, అంటే ఇంటి సామానంతా అమ్మేసే చోట్లకి, వెళ్లే అలవాటున్నవాళ్లకు నాణెం వేసి పిడి లాగితే బొమ్మల చక్రాలు (రీళ్లు) తిరిగి, బొమ్మలు కలిస్తే నాణేలు రాల్చే ఈ జూదం యంత్రం ఎక్కడో ఒకచోట కనపడే ఉంటుంది. ఓక్ చెక్క పెట్టె, ముందు పోత పోసిన అల్యూమినియం ముఖం, పక్కన పొడుగాటి పిడి, గాజు కిటికీల వెనక చెర్రీలు, నారింజలు, గంటలు. పిడి లాగితే కదలదు. కదిలినా రీళ్లు సగంలో బిగుసుకుపోతాయి. "పాడైపోయింది, షోకేసులో పెట్టుకోవడానికే పనికొస్తుంది" అని అమ్మేవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు ఆ మాట నిజం కాదు. ఈ యంత్రంలో కరెంటు లేదు, మోటారు లేదు. ఉన్నవన్నీ స్ప్రింగులు, లివర్లు, పళ్ల చక్రాలు. బార్లలో, క్లబ్బుల్లో పొద్దస్తమానం ఎవరో ఒకరు లాగుతూనే ఉంటారని తెలిసి చేసిన సరుకు కాబట్టి గట్టిది. సాధారణంగా దాన్ని ఆపేసేది మురికి, ఎండిపోయిన నూనె, ఎక్కడో ఇరుక్కున్న నాణెం.

ఇక్కడ చెప్పేదంతా చికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ 1930ల్లో, 40ల్లో చేసిన మూడు రీళ్ల యంత్రాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వార్ ఈగిల్, క్యాజిల్ ఫ్రంట్, బ్లాక్ చెర్రీ అని పేర్లు, ముఖాలు మారతాయి గానీ లోపలి మెకానిజం దాదాపు ఒకటే. జెన్నింగ్స్, వాట్లింగ్, పేస్ కంపెనీల యంత్రాల్లో అమరిక కొంచెం వేరు, పద్ధతి మాత్రం ఇదే.

నా మటుకు నాకు ఇందులో ఒకటే నియమం. యంత్రం నడవాలి, కానీ దాని మీదున్న గుర్తులు పోకూడదు. ఆ గీతలు, పాత కన్నాలు, ఎవరో లోపల బిగించిన చిన్న లోహపు ముక్కలు, అన్నీ అది ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరెవరు ఎవరిని మోసం చేశారో చెప్పే సాక్ష్యాలు. కింద చెప్పే ప్రతి పనీ ఈ నియమాన్ని బట్టే.

కొనే ముందు

మొదట చట్టం చూసుకోండి. అమెరికాలో పాత స్లాట్ మెషీన్ ఇంట్లో ఉంచుకోవచ్చా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో యంత్రం వయసు 25 ఏళ్లు దాటి ఉండాలి. ఇంకొన్ని రాష్ట్రాలు ఇంకో లెక్క పెట్టాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. ఒప్పుకున్నచోట కూడా దానితో నిజంగా జూదం ఆడిస్తే నేరమే. 1951లో వచ్చిన జాన్సన్ చట్టం రాష్ట్రాల సరిహద్దులు దాటించి జూదం యంత్రాలు పంపడం మీద ఆంక్షలు పెట్టింది. అందుకని వేరే రాష్ట్రంలో కొంటే, మీ రాష్ట్రపు నిబంధన కనుక్కున్నాకే డబ్బు కట్టండి. ఇండియాకి పంపించి ఊళ్లో ఇంట్లో పెట్టుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 1974 నాటి గేమింగ్ చట్టాలు అమల్లో ఉన్నాయి, రెండు రాష్ట్రాలూ ఈమధ్య వాటిని ఇంకా బిగించాయి. సరదాకి తెచ్చుకున్న వస్తువుతో లేనిపోని టెన్షన్ ఎందుకు.

తర్వాత యంత్రం అసలుదా కాదా అన్నది. పాత ముఖాల అచ్చులు తీసి కొత్తగా పోత పోసినవి మార్కెట్లో చాలానే తిరుగుతున్నాయి. సీరియల్ నంబరు పెట్టె చెక్క మీద, లోహపు భాగాల మీద గుద్ది ఉంటుంది. రెండూ కలుస్తున్నాయేమో చూడండి. కలవకపోతే రెండు మూడు యంత్రాల ముక్కలు కలిపి ఒకటి చేశారని అర్థం. అది కొనకూడదని కాదు, ధర ఆ లెక్కన ఉండాలి. స్క్రూలు కూడా చూడండి. అప్పటివి ఒకే గాడి ఉన్నవి. మెకానిజంలో ప్లస్ తల స్క్రూ కనిపిస్తే తర్వాత ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

తాళం చెవి లేకపోతే డ్రిల్లు పెట్టకండి. తాళాలు తీసే మనిషి దగ్గరికి పట్టుకెళ్తే తెరిచి, చెవి చేసిస్తాడు. యంత్రం ఇంచుమించు 40 కిలోలుంటుంది. ఇద్దరు కలిసి అడుగు పట్టుకుని ఎత్తాలి. పిడి పట్టుకుని మాత్రం ఎత్తొద్దు.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది

ఈ చరిత్ర కొంచెం తెలిస్తే మీ చేతిలో ఉన్న ఒక్కో భాగం ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది.

1891 ప్రాంతంలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సిట్‌మన్ అండ్ పిట్ అనే కంపెనీ ఒక పేకాట యంత్రం చేసింది. ఐదు డ్రమ్ములు, వాటి మీద 50 పేక ముక్కలు. 52 కాకుండా 50 ఉండటానికి కారణం, సాధారణంగా పది ఇస్పేటు, జాకీ ఆఠీను తీసేసేవాళ్లు. దాంతో ఆడేవాడికి రాయల్ ఫ్లష్ పడే అవకాశం సగానికి తగ్గిపోయేది. ఆ యంత్రం డబ్బు ఇవ్వదు. మంచి ముక్కలు పడితే బారు యజమాని ఒక గ్లాసో, చుట్టో ఇచ్చేవాడు. ఐదు డ్రమ్ముల్లో పడే అన్ని రకాల కలయికలకూ యంత్రమే డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు.

ఆ చిక్కు విప్పింది చార్లెస్ ఫే. జర్మనీలోని బవేరియాలో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన మెకానిక్. ఐదు డ్రమ్ములను మూడు రీళ్లు చేశాడు, పేక ముక్కల బదులు ఇస్పేటు, ఆఠీను, డైమను, గుర్రపు లాడం, గంట లాంటి కొద్ది బొమ్మలే పెట్టాడు. ఒక్కో రీలు మీద పది స్థానాలు. అంటే మొత్తం 1000 కలయికలు. ఇక యంత్రమే డబ్బు ఇవ్వగలిగింది. 1890ల చివర్లో వచ్చిన ఆ యంత్రమే లిబర్టీ బెల్. మూడు గంట బొమ్మలు పడితే పది నికెల్ నాణేలు, అంటే 50 సెంట్లు. అదే పెద్ద బహుమతి. ఫే వర్క్‌షాపు మార్కెట్ స్ట్రీట్ 406 నంబరులో ఉండేది. 1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటల్లో అది కాలిపోయింది. ఆ చోట ఇప్పుడు కాలిఫోర్నియా ప్రభుత్వం పెట్టిన స్మారక ఫలకం ఉంది.

ఆ తర్వాత రంగంలోకి దిగింది మిల్స్. రీలుకు పది స్థానాలను ఇరవై చేసింది. 20ని 20తో, మళ్లీ 20తో హెచ్చిస్తే 8000. పెద్ద బహుమతి ఊరించేంత పెద్దది కావచ్చు, పడటం మాత్రం అరుదు. చట్టాలు బిగుస్తున్న కొద్దీ యంత్రాలు చూయింగ్ గమ్ అమ్మే డబ్బాల వేషం వేసుకున్నాయి. నాణెం వేస్తే గమ్ వస్తుంది, రీళ్లు "ఊరికే" తిరుగుతాయి. రీళ్ల మీద పళ్ల బొమ్మలు అప్పుడే వచ్చాయి, గమ్ రుచులకు గుర్తుగా. ఇప్పటికీ మనం చూసే, BAR అని రాసి ఉండే బార్ గుర్తు ఆనాటి గమ్ కంపెనీ లోగో నుంచి వచ్చిందే. మీ యంత్రం పక్కనో ముందో మింట్ పొట్లాలు పెట్టే అరలుంటే అది ఆ వేషంలో తిరిగిన యంత్రం. చాలామంది వాటిని అనవసరం అనుకుని పీకేస్తారు. పీకకండి.

1931లో నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది. 1934లో న్యూయార్క్ మేయర్ లాగార్డియా స్లాట్ మెషీన్లను పెద్ద సుత్తితో పగలగొట్టి నీళ్లలో పడేయించాడు. పోలీసు దాడుల్లో అలా ఎన్నో ముక్కలైపోయాయి. ఇవాళ మన చేతికి వచ్చేవి చాలావరకు ఎవరో బేస్‌మెంట్లో దాచిపెట్టగా మిగిలినవి.

విప్పడానికి సిద్ధం కావడం

కావలసినవి పెద్దగా లేవు. గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవర్లు, ముక్కు పొడుగు పట్టకారు, స్ప్రింగులు తగిలించే కొక్కెం, టూత్‌బ్రష్‌లు, ఇత్తడి బ్రష్, మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పల్చన చేసే ద్రావకం), కుట్టుమిషన్ ఆయిల్, కళ్లకు అద్దాలు. స్క్రూడ్రైవర్ల మీద కాస్త ఖర్చు పెట్టండి. తుపాకులు బాగుచేసేవాళ్లు వాడే రకం గాడిలో గట్టిగా కూర్చుంటుంది, జారి స్క్రూ తలను చెక్కేయదు. స్క్రూ తల చెక్కుకుపోతే చూసినంతసేపూ అదే కనబడుతుంది.

ఫోన్‌తో ఫోటోలు తీయండి. ప్రతి వైపు నుంచి, ప్రతి స్ప్రింగు రెండు కొసలూ ఎక్కడ తగిలి ఉన్నాయో స్పష్టంగా కనిపించేలా. స్ప్రింగులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, బలాల్లో తేడా ఉంటుంది. తీసిన ప్రతిదాన్నీ చిన్న జిప్ సంచిలో వేసి మీద పేరు రాయండి.

మెకానిజం బయటికి తీయడం

వెనక తలుపు తెరిస్తే లోపలి యంత్రమంతా ఒకే ముద్దగా ఒక పళ్లెం మీద కూర్చుని ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే కొక్కేలు తప్పించి, కొంచెం ఎత్తి, నెమ్మదిగా వెనక్కి లాగితే జారి వస్తుంది. పిడి పెట్టెకే ఉండిపోతుంది. లాగే ముందు డబ్బు పెట్టె తీసేయండి, బహుమతి నాణేలు నిలవుండే ట్యూబులో, జాక్‌పాట్ అరల్లో ఉన్న నాణేలు ఖాళీ చేయండి.

పిడి సగంలో ఇరుక్కుపోయి ఉంటే బలం పెట్టొద్దు. పిడి దగ్గర పళ్లున్న పట్టీ ఒకటి, దానిమీద ఆనుకుని చిన్న పట్టు ఒకటి ఉంటాయి. పిడిని పూర్తిగా కిందికి లాగితే తప్ప వెనక్కి వెళ్లనివ్వవు, సైకిల్ ఫ్రీవీల్ ఒకవైపే తిరిగినట్టు. సగం లాగి వదిలేసి మోసం చేసేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు అది. ఇరుక్కోవడానికి కారణం ఎక్కువగా నాణేల దారిలోనే ఉంటుంది. వంగిన నాణెమో, నకిలీ బిళ్లో దొరుకుతుంది. నకిలీ బిళ్ల దొరికితే పారేయకండి, యంత్రంతో పాటే ఉంచండి.

యంత్రం పైభాగంలో గాజు వెనక వరసగా నాణేలు కనిపించే దారి ఉంటే దాన్ని ఎస్కలేటర్ అంటారు. చివరగా వేసిన కొన్ని నాణేలు అందులో నిలబడి అందరికీ కనిపిస్తాయి. నకిలీ బిళ్ల వేస్తే బారు యజమానికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. అంతకుముందు మోడళ్లలో హంస మెడలా వంగిన గొట్టం ఉండేది. అందులో చివరి నాణెం ఒక్కటే కనబడుతుంది.

ఒక జాగ్రత్త. మెకానిజం బయట ఉన్నప్పుడు స్ప్రింగులు లాగి ఉన్న స్థితిలో రీళ్ల దగ్గర వేళ్లు పెట్టకండి. రీళ్లను ఒక్క దెబ్బతో తిప్పే భాగాన్ని కిక్కర్ అంటారు. దాని వెనకున్న స్ప్రింగు వేలు నలిగిపోయేంత బలమైనది. ఏదైనా విప్పే ముందు మొదలైన ఆట పూర్తయి అంతా విశ్రాంతి స్థితికి వచ్చిందని చూసుకోండి.

లోపల జరిగేది ఇదీ

నాణెం పడగానే పిడి తాళం వదులుతుంది. పిడి లాగుతున్నప్పుడు నాలుగు పనులు వరసగా జరుగుతాయి. రీళ్లను పట్టి ఉంచిన స్టాప్ లివర్లు వెనక్కి తప్పుకుంటాయి. బహుమతిని తడిమి చూసే వేళ్లు కూడా వెనక్కి పోతాయి. టైమింగ్ క్లాక్‌కు స్ప్రింగు బిగుస్తుంది. పిడి చివరికి వచ్చాక కిక్కర్ మూడు రీళ్లనూ ఒకేసారి తన్నుతుంది. అక్కడినుంచి ఆడేవాడి చేతిలో ఏమీ లేదు. క్లాక్ తిరుగుతూ మొదటి రీలు లివర్, తర్వాత రెండోది, తర్వాత మూడోది ఒక్కొక్కటే వదులుతుంది. లివర్ ముక్కు రీలు పక్కనున్న నక్షత్ర చక్రం గాడిలో పడి రీలు ఆగుతుంది.

చివరగా ఆ వేళ్లు ముందుకు వచ్చి రీళ్ల పక్కనున్న పళ్లేలను తడుముతాయి. ప్రతి పళ్లెంలో బొమ్మల స్థానాలకు తగ్గట్టు కన్నాలుంటాయి. మూడు పళ్లేల్లోనూ వేలు కన్నంలోకి దిగితే, ఆ బహుమతికి సంబంధించిన కింది పలకలు జారి ట్యూబులోంచి అన్నేసి నాణేలు రాలుతాయి. ఇదంతా అర్థమయ్యేదాకా, పాడైన యంత్రాన్నైనా సరే, పిడి పని చేసే లివర్‌ను చేత్తో చాలా నెమ్మదిగా నొక్కుతూ చూడండి. ఇక్కడ గడిపిన గంట తర్వాత చాలా గంటలు ఆదా చేస్తుంది.

శుభ్రం చేయడం

పాత నూనె తేనెలా గట్టిపడి, దుమ్ముతో కలిసి గోధుమరంగు జిగురైపోయి ఉంటుంది. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఆ జిగురు మీదే కొత్త స్ప్రే కొడితే రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచి, మూడో వారానికి మునుపటికంటే గట్టిగా బిగుసుకుంటుంది. స్ప్రే డబ్బా పక్కన పెట్టేయండి. మినరల్ స్పిరిట్స్‌లో టూత్‌బ్రష్ ముంచి ఒక్కో కీలూ రుద్దండి, ఆడించండి, గుడ్డతో తుడవండి, మళ్లీ రుద్దండి. నల్లటి నీరు రావడం ఆగేదాకా ఇదే పని. గ్యారేజీ తలుపు తెరిచి పెట్టుకుని, నిప్పుకు దూరంగా చేయండి.

రీళ్ల కట్టను మాత్రం ఎప్పుడూ ముంచకండి. వాటి మీద బొమ్మల పట్టీలు కాగితంవి. స్పిరిట్స్ చుక్క పడినా మరక పడుతుంది. ఆ భాగాన్ని బ్రష్‌తో, పొడి గుడ్డతో, అవసరమైన చోట ఇయర్ బడ్‌తో శుభ్రం చేయండి.

ఆరాక నూనె. తిరిగే ఇరుసులకు కుట్టుమిషన్ ఆయిల్ ఒక్కో చుక్క, అదీ సూది మొనతో. ఒకదానిమీద ఒకటి గట్టిగా రాసుకునే పెద్ద లివర్ల దగ్గర పల్చగా గ్రీజు. నాణెం తగిలే చోట, అంటే ఎస్కలేటర్, ట్యూబు, కింది పలకల్లో నూనె చుక్క కూడా వేయకూడదు. అక్కడ నూనె ఉంటే నాణేల మురికి అంటుకుని పలకలు సగంలో ఆగిపోతాయి, పద్నాలుగు ఇవ్వాల్సిన యంత్రం పదకొండు ఇచ్చి ఊరుకుంటుంది.

తుప్పు ఉన్నచోట నూనె రాసి, బాగా సన్నటి స్టీల్ ఊల్‌తో నెమ్మదిగా రుద్దండి. లోతైన గుంటలు పడితే అలాగే ఉండనివ్వండి. స్ప్రింగులు సాగదీయడం, కత్తిరించడం వద్దు. బలహీనపడితే అదే మోడల్ స్ప్రింగు పాత భాగాలు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది.

క్లాక్

అరిచేతిలో పట్టే ఈ భాగం యంత్రానికి ప్రాణం. రెండు ఇత్తడి రేకుల మధ్య కొన్ని పళ్ల చక్రాలు, చివర చిన్న రెక్కలున్న ఫ్యాన్. స్ప్రింగు చక్రాలను తోస్తుంది, ఫ్యాన్ రెక్కలు గాలిని కోస్తూ వేగాన్ని అదుపులో పెడతాయి. లాగిన యంత్రం సగంలో ఆగిపోయి, కొంచెం తడితే కదిలిందంటే నూటికి తొంభైపాళ్లు తప్పు క్లాక్‌దే.

దాన్ని విడిగా తీసి స్పిరిట్స్‌లో కాసేపు నానబెట్టండి. ఇరుసులు రేకులో తిరిగే కన్నాలను మొన చెక్కిన అగ్గిపుల్లతో శుభ్రం చేయండి. పుల్ల మొన నల్లబడకుండా బయటికి వచ్చేదాకా కొత్త పుల్లలు వాడుతూ ఉండండి. తర్వాత గడియారాలకు వాడే నూనె, కన్నానికి ఆవగింజంత చుక్క. ఎక్కువైతే ఫ్యాన్ బరువెక్కుతుంది. ఇప్పుడు స్ప్రింగును వేలితో కొద్దిగా బిగించి వదిలి చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఒకే స్థాయిలో సాగే సన్నటి ఝుమ్మనే చప్పుడు రావాలి. చివర్లో నెమ్మదించి ఆగాలి. టక్కున ఆగితే ఎక్కడో ఇంకా మురికి ఉంది, లేదా పన్ను వంగింది. రీళ్లు మూడూ దాదాపు ఒకేసారి ఆగిపోతుంటే ఫ్యాన్ ఇరుసు మీద జారుతోందేమో చూడండి.

ఈ క్లాక్ వెనక ఒక కథ ఉంది. 1940ల చివర్లో కొందరు ఆటగాళ్లు దీన్ని గమనించారు. బాగా చేసిన క్లాక్ ప్రతిసారీ అంతే సమయం తీసుకుంటుంది. పిడిని సరిగ్గా లెక్క ప్రకారం లాగితే రీలు ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించవచ్చు. ఆ లయ పట్టుకున్నవాళ్లు యంత్రాలను ఖాళీ చేసుకుంటూ పోయారు. దానికి విరుగుడుగా క్లాక్ వేగాన్ని కావాలని ఎగుడుదిగుడు చేసే అదనపు భాగాలు తగిలించారు. మీ క్లాక్‌లో అదే రకం వేరే క్లాక్‌ల ఫోటోల్లో లేని చిన్న చక్రం ఏదైనా కనబడితే, అది అదే కావచ్చు. తీసేయకండి.

బగ్‌లు, పాత కన్నాలు

నక్షత్ర చక్రాలను టార్చి వేసి జాగ్రత్తగా చూడండి. ఒక గాడి మీద అర్ధచంద్రాకారంలో చిన్న లోహపు ముక్క బిగించి ఉండవచ్చు. దాన్ని బగ్ అంటారు. అది ఉన్న గాడిలో లివర్ ముక్కు పడలేదు, రీలు ఆ బొమ్మ దగ్గర ఆగలేదు. రీలుకు ఒక్కో బార్ బొమ్మే ఉన్న యంత్రంలో మూడు బార్లు పడే అవకాశం 8000లో ఒకటి. ఒక్క రీలుకు బగ్ బిగిస్తే ఆ ఒకటి కూడా సున్నా అవుతుంది. బయట బహుమతుల కార్డు మీద జాక్‌పాట్ అని రాసే ఉంటుంది, ఆడేవాడు ఏళ్ల తరబడి లాగుతూనే ఉంటాడు.

యంత్రం సరిగా ఆడాలంటే బగ్ తీయాలి. తీశాక సంచిలో వేసి, ఏ రీలు ఏ గాడిలో ఉండిందో రాసి పెట్టెలోనే భద్రపరచండి. ఒక కుటుంబం వారపు జీతం ఎలా పోయిందో చెప్పే ముక్క అది. దాన్ని చెత్తలో వేయడం నాకు మనసొప్పదు.

అలాగే పెట్టె పక్కన చెక్కతో పూడ్చిన సన్నటి కన్నాలు కనబడితే అవి పురుగులు తొలిచినవి కాకపోవచ్చు. మోసగాళ్లు చిన్న డ్రిల్లుతో కన్నం పెట్టి, తీగ దూర్చి లోపలి లివర్లను ఆడించేవాళ్లు. యజమానులు తర్వాత పూడ్చేవాళ్లు. కొందరు లోపలి వైపు ఇనుప రేకు కూడా కొట్టేవాళ్లు. వాటిని పుట్టీతో కనిపించకుండా చేయకండి.

రీల్ పట్టీలు

బొమ్మలు వెలిసినా గుర్తుపట్టేలా ఉంటే వదిలేయండి. చిరిగిపోయి, ఊడిపోతుంటేనే మార్చాలి. మార్చే ముందు మూడు రీళ్లలో ఒక్కోదాని మీద ఉన్న ఇరవై బొమ్మల వరసా రాసుకోండి. మూడింటి వరసలు వేరు. పట్టీ మొదలయ్యే చోట రీలు అంచున పెన్సిల్ గుర్తు పెట్టండి. కొత్త పట్టీలు మోడల్ పేరు, బహుమతుల పట్టిక చూసి కొనాలి. పళ్లెంలోని కన్నాలకు సరిపోని పట్టీ అంటిస్తే మూడు గంట బొమ్మలు పడినా నాణెం రాదు, మూడు నిమ్మకాయలకు రాలుతుంది.

అంటించాక రీలును ఒక్కో గాడి చొప్పున ఇరవైసార్లు తిప్పి, ప్రతి బొమ్మా కిటికీలో వరసగా నిలవాల్సిన గీత మీద సరిగ్గా నిలబడుతోందా చూడండి. తీసేసిన పాత పట్టీని పారేయకుండా కవరులో దాచండి.

ముఖం, పెట్టె

అసలు రంగు సగానికి పైగా ఉంటే ముట్టుకోకండి. గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. అసలు రంగుతో ఉన్న యంత్రానికి సేకరించేవాళ్లు ఎక్కువ విలువిస్తారు కూడా. మొత్తం ఊడిపోయి, ఎవరో గోడ రంగు పూసి ఉంటేనే కొత్త రంగు ఆలోచించండి. అప్పుడు కూడా మూలల్లో, స్క్రూల కింద వెతికితే మొదటి రంగు దొరుకుతుంది, దాన్నే అనుసరించండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా గీకడం, సాండ్‌పేపర్ వేయడం వద్దు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. తడి పద్ధతిలో రంగు తీసే మందు వాడి, చేతి తొడుగులు, మాస్క్ వేసుకోండి. అల్యూమినియం మీద గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించి శుభ్రం చేయిస్తే సన్నటి గీతలు పోతాయి. కొట్టించాల్సి వస్తే గాజు పూసలతో, తక్కువ ఒత్తిడితో చేయమని అడగండి.

ఓక్ పెట్టెను మొదట మినరల్ స్పిరిట్స్‌తో తుడవండి. సిగరెట్ పొగ, చేతి జిడ్డు పొర పోయాక చాలాసార్లు కింద మంచి పాలిష్ బయటపడుతుంది, మైనం రాస్తే చాలు. పాలిష్ పూర్తిగా పోయి ఉంటే లక్క వేయండి. అమెరికన్ డబ్బాల మీద షెల్లాక్ అని రాసి ఉండేది మన లక్కే, దాని ముడిసరుకు ఇప్పటికీ ఎక్కువగా జార్ఖండ్ వైపు అడవుల నుంచే వెళ్తుంది. పల్చగా రెండు మూడు పూతలు, మధ్యలో బాగా ఆరనివ్వాలి.

బిగించి పరీక్షించడం

మెకానిజాన్ని పెట్టెలోకి తోసే ముందు బల్ల మీదే పరీక్షించండి. రీళ్లను చేత్తో తిప్పి కావలసిన బొమ్మలను వరసలోకి తెచ్చి, వేళ్లు ముందుకు వచ్చి తడిమేలా చేయండి. మిల్స్ యంత్రాల్లో సాధారణంగా మూడు నారింజలకు 10, మూడు ప్లమ్‌లకు 14, మూడు గంటలకు 18 నాణేలు. మీ యంత్రం మీదున్న కార్డుతో పోల్చుకోండి, ఎందుకంటే మోడల్‌ను బట్టి చిన్న తేడాలుంటాయి. తక్కువ వస్తే మొదట ట్యూబు చూడండి. సగానికి పైగా నిండి ఉంటేనే లెక్క సరిగా వస్తుంది. ట్యూబు నిండుగా ఉన్నా తక్కువ వస్తుంటే పలకల్లో మురికి. ఎక్కువ వస్తుంటే పలక వంగింది, లేదా వేలు అరిగింది.

నాణెం విషయంలో అమెరికాలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఐదు సెంట్ల నికెల్ ఇప్పటికీ అదే కొలత, 21.21 మిల్లీమీటర్లు. ఇంట్లో ఉన్న చిల్లరే పనికొస్తుంది. మన రూపాయి బిళ్ల వేయాలని పిల్లలు సరదా పడతారు. 2011 తర్వాతి రూపాయి కొంచెం పెద్దది, పైగా పల్చన. దారిలో అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. రూపాయి వేయొద్దని ఎస్కలేటర్ అద్దం మీద చిన్న చీటీ అంటించి పెట్టండి.

యంత్రాన్ని పెట్టే బల్ల సమంగా ఉండాలి. స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. పక్కకు వాలితే నాణెం దారి తప్పుతుంది, మీరేమో క్లాక్ మళ్లీ విప్పుతారు.

తర్వాత చూసుకోవాల్సినవి కొన్నే. వారానికోసారి పదిసార్లైనా లాగండి, వాడకుండా ఉంచితే నూనె గట్టిపడుతుంది. పిడిని సగంలో వదలకండి, కిందిదాకా లాగి చేత్తో పట్టుకునే పైకి పోనివ్వండి. ఎండ పడే కిటికీ దగ్గర పెడితే రీల్ పట్టీలు వెలిసిపోతాయి. బగ్‌లు, బిళ్లలు, పాత పట్టీలు ఉన్న సంచులు, మీరు మార్చిన ప్రతి భాగం పేరు, మార్చిన తేదీ రాసిన కాగితం, అన్నీ ఒక కవరులో పెట్టి వెనక తలుపు లోపలి వైపు అంటించండి. తాళం చెవులు రెండు చేయించి, ఒకటి ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి.